తెల్ల గొడుగుల శుక్రవారం

మొన్న రియాద్‌లో వాన పడింది. ఇక్కడి వాన తొందరపాటు చుట్టం లాంటిది, వచ్చిందని మనకు తెలిసేలోపే వెళ్లిపోతుంది. పొద్దున మెట్రో దిగి నేను వంట చేసే ఇంటికి నడుస్తుంటే దారిలో చిన్న పార్కు ఒకటి వస్తుంది. తడిసిన పచ్చిక వాసన ముక్కుకు తగిలింది. ఒట్టి గడ్డి వాసనే అయితే నడిచిపోయేవాణ్ణి. దాని అడుగున ఇంకో వాసన ఉంది. మాగిన ఆకులది, తడి మట్టిది, చెదపుట్టను పారతో కొడితే వచ్చేది. కాళ్లు వాటంతట అవే ఆగాయి. పచ్చిక మధ్యలో, ఎవరో కొలిచి చుట్టు గీసినట్టు, గుండ్రంగా తెల్లటి గొడుగులు లేచి ఉన్నాయి. ఒకటి అరచెయ్యంత, ఒకటి అన్నం పళ్లెమంత. నెత్తి మీద లేత గోధుమరంగు పొక్కులు. ఎంత చక్కగా ఉన్నాయో చెప్పలేను. నేను మాత్రం దగ్గరికి పోలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. పనికి ఆలస్యంగా వెళితే, హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న మా మేడమ్ ఏమైందని అడిగింది. "దారిలో మా పోశెట్టి మామ గుర్తుకొచ్చిండమ్మా" అన్నాను. "ఎవరాయన?" అంది. ఉల్లిగడ్డలు తరుగుతూ మొదలుపెట్టాను. మధ్యాహ్నం వంట అయిపోయింది కానీ ఆయన కథ అయిపోలేదు.

పోశెట్టి మామ నాకు మేనమామ కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. ఆయనది నిర్మల్ వైపు అడవి అంచున ఒక ఊరు, నాది జగిత్యాల దగ్గర. ఇక్కడే సౌదీలో హాయిల్ పట్నానికి అవతల ఒక వ్యవసాయం ఫారంలో మేము కలిశాం. గోధుమ, పశువుల గడ్డి, కొంచెం కూరగాయలు. చక్రాల మీద నడిచే పొడుగాటి నీళ్ల మిషను ఇసుక నడుమ గుండ్రంగా తిరుగుతూ పచ్చటి చేలు పెంచుతుంది. ఆ మిషను మామ చేతిలో ఉండేది. ఎక్కడో అర మైలు అవతల ఒక గొట్టం నోరు పూడుకుపోయినా, మిషను చప్పుడు విని చెప్పేవాడు. సన్నటి మనిషి, నల్లటి మనిషి, చెవులు పెద్దవి. ఏది చేతికిచ్చినా ముందు వాసన చూసేవాడు. నీళ్లయినా, నట్టు అయినా, ఊరి నుంచి వచ్చిన మందుబిళ్ల అయినా. శుక్రవారం ఒక్కపొద్దు ఉండేవాడు, పొద్దు గూకాకే తినేవాడు. ఎందుకుంటావు మామా అంటే "అలవాటైంది" అనేవాడు, అంతే.

ఫారంలో పది మందిమి. తొమ్మిది మంది మా తెలంగాణ వాళ్లం, పదో మనిషి కడప నుంచి వచ్చిన డ్రైవరు బాషా భాయ్. నేను చేరే నాటికి వంటమనిషి ఊరికి వెళ్లి తిరిగి రాలేదు. మేస్త్రీ "ఎవరికి వంట వస్తది?" అని అడిగాడు. ఎండలో పారపని తప్పుతుందని నేను చెయ్యి ఎత్తాను. నాకు వచ్చింది చాయ్ పెట్టడం ఒక్కటే. ఆ పూట నేను వండిన అన్నాన్ని గంటెతో తీస్తే గంటెకే అతుక్కుని వేలాడింది. కామారెడ్డి సాయిలు పళ్లెం తిరగేసి చూపించాడు, ఒక్క మెతుకు కింద పడలేదు. అందరూ నవ్వారు. మామ కూడా కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు.

"ఏంరా అల్లుడా, బువ్వ వండినవా, గోడకు పూసే సున్నం కలిపినవా?"

నాకు ఏడుపు వచ్చింది. "నీళ్లు ఎక్కువైనయి మామా, ఈడి బియ్యం తెల్వదు" అన్నాను. తిన్నాక వంటగదిలోకి వచ్చి పక్కన నిలబడ్డాడు. "బియ్యం మీద తప్పు వెట్టకు. నీకు రాదు. రాదని అంటే ఏం వోతది? రాదంటేనే కద ఎవలన్న నేర్పేది." అని, గిన్నెలో బియ్యం మీద వేలు నిలబెట్టి, మొదటి కణుపు దాకా నీళ్లు పోయించాడు. అప్పటి నుంచి నెల రోజులు పొద్దున డ్యూటీకి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వంటగదిలోకి తొంగి చూసేవాడు. పప్పులో చింతపండు ఎప్పుడు వెయ్యాలో, కోడికూరకు ఉల్లిగడ్డ ఎంతసేపు వేగాలో, ఆయన వల్లే నేర్చుకున్నాను. ఇవాళ నా పొట్ట నింపే విద్య అది. కానీ ఆయన నాకిచ్చింది అదొక్కటే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాను.

ఆ సంవత్సరం చలికాలం ముందు వానలు బాగా పడ్డాయి. ఉరుములు కూడా ఉరిమాయి. అలాంటి ఏడు హాయిల్ వాళ్లకు పండగే. చలి తగ్గే రోజులకు ఎడారిలో ఫగా దొరుకుతుంది. ఫగా అంటే ఇసుక కింద పుట్టే గడ్డ, ఆలుగడ్డలా ఉంటుంది, ఆకూ కాడా ఏమీ ఉండవు. అదీ పుట్టగొడుగుల జాతిదేనట. ఉరిమితే పుడుతుందని అక్కడి వాళ్లంటారు. మా ఊళ్లో కూడా పుట్టగొడుగుల గురించి సరిగ్గా ఆ మాటే అంటారు. మా కఫీల్, అంటే మమ్మల్ని పనిలో పెట్టుకున్న యజమాని, అబూ సాలెహ్ ముసలాయన తన మనుమలను తీసుకుని వెతకడానికి వస్తే మామను కూడా వెంట తీసుకుపోయేవాడు. మామకు ఆ కన్ను ఉంది. చిన్న చిన్న పసుపు పూల మొక్క ఒకటి ఉంటుంది, దాని చుట్టుపక్కల ఇసుక కొంచెం ఉబ్బి, పెదవి పగిలినట్టు పగిలి ఉంటే అక్కడ వేళ్లతో తవ్వాలి. ఒక గురువారం నన్నూ తీసుకుపోయాడు. నాకు ఒక్కటీ కనబడలేదు. ఆయన నడుస్తూ నడుస్తూ వంగి, పిల్లవాడి జేబులోంచి గోలీ తీసినట్టు తీసేవాడు.

తిరిగి వస్తుంటే కఫీల్ విడిది బంగ్లా ముందు పచ్చికలో రెండు తెల్ల గొడుగులు కనిపించాయి. నా ప్రాణం లేచి వచ్చింది. "మామా, పుట్టగొడుగులు! మా అవ్వ వండితే వాడకట్టంతా వాసన వచ్చేది" అన్నాను.

ఆయన ఆగలేదు. "గడ్డ తిందాం. గొడుగు ముట్టద్దు."

"ఎందుకు మామా? గిట్లనే ఉంటయి మా దిక్కు."

"గిట్లనే ఉంటయి కాబట్టే."

కొంత దూరం నడిచాక చెప్పాడు. ఆయన అక్కను పక్క ఊరికి ఇచ్చారట. ఒక వానాకాలం బావ అడవి నుంచి పంచె చెంగులో తెల్లటి గొడుగులు తెచ్చాడు. సాయంత్రం తిన్నారు. ఏమీ కాలేదు. తెల్లవారి పొద్దెక్కినాక వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మామ కబురందుకుని వెళ్లేసరికి తగ్గిపోయాయి. "నేన్ వోయేసరికి అక్క వాకిలి ఊడుస్తున్నది. నవ్వింది. తమ్ముడచ్చిండని చాయ్ వెట్టింది. తక్వయింది గద అని నేన్ మల్లి ఇంటికొచ్చిన. మూడో నాడు కండ్లు పచ్చగయినయట. నాలుగో నాడు ఇద్దరు లేరు." ఆయన గొంతు మారలేదు. ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్న మాటల్లా చెప్పాడు. "గా నడిమిట్ల ఒక్క రోజు మంచిగుంటది చూసినవా, గదే మోసం జేస్తది. గా రోజే దవఖానకు తీస్కపోయేదుండె."

ఇంత విన్నాక కూడా నేను చేసిన పని చేశాను. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు శుక్రవారం. సెలవు. ఫగా కూర వండాలని అందరి మధ్యా ఒప్పందం. మామ తెచ్చిన గడ్డలు కడిగి, ఇసుక పోయేదాకా గీకి, ముక్కలు కోస్తే గిన్నెలో సగానికి కూడా రాలేదు. మామ పోను తొమ్మిది నోళ్లు. "ఇయ్యాల జూస్తం నీ చేతి మహిమ" అని గంగాధర్ పొద్దటి నుంచి రెండుసార్లు వచ్చి మూత తీసి పోయాడు. గంగాధర్ నోరు పదునైనది. కూర చాలకపోతే వారం రోజులు ఆ మాటే అంటాడు. నేను సంచి పట్టుకుని బంగ్లా వైపు నడిచాను. రెండు ఉన్న చోట పది పదిహేను లేచి ఉన్నాయి. పచ్చిక పక్కన తోటమాలి పోసిన మట్టికుప్పకు చెద పట్టి ఉంది. అదిగో పుట్ట, పుట్ట దగ్గర పుట్టినవి పుట్టగొడుగులే, తినరాని కుక్కగొడుగులు కావు అని నాకు నేనే సాక్ష్యం చెప్పుకున్నాను. ఒకదాని కాడలో పురుగు కనబడింది. పురుగు తిన్నది మనిషికి కూడా పడుతుంది అనేది మా అవ్వ. ముదిరినవి వదిలేసి, ఇంకా సరిగ్గా విచ్చుకోని లేతవి ఏడో ఎనిమిదో కోశాను. వంటగదికి తెచ్చి నీళ్లలో వేసి, పసుపు వేసి, వెల్లుల్లి వేసి, నా వేలి వెండి ఉంగరం తీసి అందులో ఉడికించాను. వెల్లుల్లి నల్లబడలేదు. ఉంగరం తళతళలాడింది. ఊళ్లో పుట్టగొడుగులకు పెట్టే పరీక్షలన్నీ నెగ్గాయి. సన్నగా చీల్చి ఫగా ముక్కల్లో కలిపేశాను. మసాలాలో ఏది ఏదో నాకే తెలియలేదు.

కూర అద్భుతంగా కుదిరింది. ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ కుదిరింది. జుమా నమాజుకు పోయిన బాషా భాయ్ తన వాళ్ల దగ్గర తినొస్తానన్నాడు. మామ ఒక్కపొద్దు. మిగతా వాళ్లు గిన్నె అడుగు దాకా తుడిచారు. సాయిలు మూడుసార్లు వేయించుకున్నాడు. "అరే, యాట కూర దీని ముంగట ఏం పనికొస్తది!" అన్నాడు. నేను వడ్డించి వడ్డించి, చివరికి మిగిలింది రెండు బుక్కలు తిన్నాను. మామ గుమ్మంలో కూర్చుని మా తిండి చూసి సంతోషపడుతున్నాడు.

రెండు గంటలు గడవలేదు. ముందు సాయిలు లేచాడు. గోడ పట్టుకుని వెళ్లి వాంతి చేసుకున్నాడు. అందరం నవ్వాం, ఎక్కువ తిన్నాడని. ఆ నవ్వు అయ్యేలోపు గంగాధర్, వెంట ఇంకో ఇద్దరు. తర్వాత చెప్పడానికి లేదు. ఉన్న ఒక్క బాత్రూము ముందు మనుషులు మోకాళ్ల మీద పడిపోయారు. నాకూ ఒకసారి అయింది. సాయిలు చేతులు చల్లబడి, చెమటలు పోసి, పిలిస్తే పలకడం మానేశాడు. మామ ఫోను చేస్తే బాషా భాయ్ బండి ఎగిరినట్టు తెచ్చాడు. పికప్ వెనక పరుపులు వేసి ఎక్కించాం. సాయిలు తల మామ ఒళ్లో ఉంది.

దవాఖానాలో డాక్టరు సూడాన్ ఆయన, ఓపికమంతుడు. అందరికీ సెలైన్లు పెట్టించి, ఏం తిన్నారని అడిగాడు. బాషా భాయ్ అరబ్బీలో చెప్పాడు. ఫగా అనగానే డాక్టరు తల అడ్డంగా తిప్పాడు. మొన్ననే నేనూ తిన్నాను, ఫగా వల్ల ఇలా కాదు అన్నాడు. ఎక్కడ తవ్వారు, ఆ చుట్టుపక్కల పొలానికి మందు కొట్టారా అని అడిగాడు. పక్క చేనుకు పురుగుల మందు కొట్టి నాలుగు రోజులైంది. కొట్టింది మామ. గడ్డలు తవ్వి తెచ్చింది మామ.

గంగాధర్ పడుకున్న చోటి నుంచే తల ఎత్తాడు. "తెచ్చినోడు మాత్రం తినలే, చూసిండ్రా? మాకు వెట్టి చూస్తున్నడు."

"నోర్ముయ్యబ్బా, ఆయప్ప శుక్రవారం ఎప్పుడు తిన్యాడని?" అన్నాడు బాషా భాయ్.

మామ లేచాడు. బయటికి వచ్చి వరండాలో నేల మీద కూర్చున్నాడు. కిటికీ అద్దంలోంచి నేను చూశాను. రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. అరచేతులు, వేళ్ల సందులు, గోళ్లు. మళ్లీ మొదటి నుంచి. నాలుగు రోజుల నాటి మందు ఇంకా ఉందేమోనని తన చేతుల్లో తానే నేరం వెతుక్కుంటున్నాడు.

నేను చెప్పలేదు. బంగ్లా పచ్చికలోకి పనివాళ్లు పోకూడదు. చెబితే కఫీల్ ఖురూజ్ ముద్ర కొట్టి, పనిలోంచి తీసేసి ఊరికి పంపేస్తాడు. పోలీసులు వస్తారు. అసలు నేను వేసినవి మంచివే, ఉంగరం నల్లబడలేదు కదా అని కూడా ఒక మూల అనుకున్నాను. మనిషి తనకు తానే ఎంత అబద్ధం చెప్పుకోగలడో ఆ గంటలో తెలిసింది.

సాయంత్రం అసరు నమాజు తర్వాత మెల్లగా అందరూ తేరుకున్నారు. సెలైన్లు ఎక్కాక గంగాధర్ లేచి కూర్చుని చాయ్ అడిగాడు. సాయిలు కూడా కళ్లు తెరిచాడు. డాక్టరు వచ్చి చూసి, పురుగుల మందు లక్షణాలు కనబడటం లేదు, ఏదో చెడిపోయిన తిండి అయి ఉంటుంది, పొద్దున్నకల్లా అందరినీ పంపిస్తాను అన్నాడు. బాషా భాయ్ అల్లాకు దండం పెట్టాడు. గండం గడిచింది. నేను తప్పించుకున్నాను. ఎవరూ ఎప్పటికీ అడగరు.

సాయిలు నన్ను చూసి నవ్వాడు. "ఏమన్న గాని, కూర మాత్రం మస్తుండెర" అన్నాడు.

వాకిలి ఊడుస్తూ నవ్విన అక్క కళ్ల ముందుకొచ్చింది. నేనెప్పుడూ చూడని మనిషి, చీపురు చేతిలో పట్టుకుని తమ్ముడొచ్చాడని నవ్వుతున్న మనిషి. నడుమ ఒక్క రోజు మంచిగుంటుంది. ఆ రోజే తీసుకుపోవాలి. ఆ రోజు ఇదేనేమో.

వరండాలోకి వెళ్లి మామ పక్కన కూర్చున్నాను. "మామా. కూరల నేను ఇంకోటి గూడ ఏసిన."

చేతులు ముక్కు దగ్గర నుంచి దించాడు. "ఏమేసినవ్?"

"గొడుగులు. బంగ్లా ముంగట గడ్డిలయి."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

"ఎన్ని?"

"ఏడెనిమిది."

"ఎవలెవలు తిన్నరు?"

"అందరు."

"నువ్వు?"

"రెండు బుక్కలు."

"ఇంకేమన్న మిగిలినయా ఆడ?"

"ముదిరినయి ఇడ్సిపెట్టిన."

లేచి నిలబడ్డాడు. "నడు. డాక్టరుకు చెప్పు."

"నువ్వే చెప్పు మామా. నీ కాళ్లు మొక్కుత. నేను చెప్పలేను."

"కూర నేన్ వండిన్నా?" అన్నాడు. అరవలేదు. నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించాడు. ఆ చెయ్యి నన్ను తోస్తోందో, పడిపోకుండా పట్టుకుందో తెలియలేదు.

నేను తెలుగులో చెప్పాను, బాషా భాయ్ అరబ్బీలో చెప్పాడు. మధ్యలో నేను ఆగితే "చెప్పు నాయనా, అంతా చెప్పు, బెదరొద్దు" అన్నాడు. ఎన్ని గంటలకు తిన్నారు, మొదటి వాంతి ఎన్ని గంటలకు, ఎక్కడివి, అన్నీ ఒకే రకమా అని డాక్టరు గుచ్చి గుచ్చి అడిగాడు. మిగిలినవి వెంటనే తెమ్మన్నాడు. మంచం మీది నుంచి గంగాధర్ నన్నే చూస్తున్నాడు. చాయ్ కప్పు పక్కన పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దు ఉండగానే ఫారానికి వెళ్లి మామా నేనూ అట్టపెట్టెలో తెచ్చాం. వేరుతో సహా పెకలించమన్నాడు మామ. ముదిరిన గొడుగును తిరగేస్తే, లేతవాటిలో తెల్లగా ఉన్న రేకులు చిలుము పట్టిన రాగి చెంబులా ఆకుపచ్చగా మారి ఉన్నాయి. డాక్టరు ఫొటోలు తీసి పెద్ద దవాఖానాలో ఎవరికో పంపి, చాలాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత మాకు ఫోనులో బొమ్మలు చూపించి చెప్పాడు. ఈ పచ్చరేకుల గొడుగు తిన్న గంటా రెండు గంటల్లోనే ఆగమాగం చేస్తుంది, కానీ సాధారణంగా చంపదు. దీన్ని పోలినవి ఇంకా ఉన్నాయి. ఒకటి అచ్చం దీనిలాగే ఉంటుంది, దాన్ని కొన్ని దేశాల్లో తింటారు. ఒకటి కోస్తే పసుపురంగు తిరిగి సిరా వాసన వస్తుంది, అదీ కడుపును పట్టుకుంటుంది. ఇంకొకటి తెల్లగా అమాయకంగా ఉంటుంది, కాడ అడుగున మట్టిలో సంచి లాంటిది ఉంటుంది. అది చాలా గంటలు ఊరుకుని, తర్వాత మొదలై, తగ్గినట్టు కనబడి, లోపల కాలేయాన్ని తినేస్తుంది. మామ ఆ బొమ్మ దగ్గర ఆగిపోయాడు. వేలితో తెర మీద ఆ సంచిని తాకాడు.

మీరు కోసినవాటిలో ఆ రకం ఒక్కటి కలిసినా, ఈ వాంతుల చాటున అది దాక్కుని ఉంటుంది, కాబట్టి ఎవరినీ పంపను అన్నాడు డాక్టరు. మూడు రోజులు ఉంచారు. పూటకోసారి రక్తం తీశారు. ఆ మూడు రోజులు నేను సాయిలు కళ్లే చూస్తూ కూర్చున్నాను, పచ్చబడతాయేమోనని. "ఏందిర, పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తున్నవ్" అని విసుక్కునేవాడు. నాలుగో రోజు అందరి రక్తం బాగుందని చెప్పారు. సాయిలు నడుచుకుంటూ బండి ఎక్కాడు.

ఈలోపు అబూ సాలెహ్ వచ్చాడు. ఎవరు చేశారని అడిగాడు. మామ తలుచుకుంటే ఏదో ఒకటి చెప్పి నన్ను కాపాడవచ్చు, ముసలాయనకు మామ మాట అంటే గురి. కానీ ఆయన తన వచ్చీరాని అరబ్బీలో ఉన్నది చెప్పాడు. వీడు చేశాడు. చేసింది వీడే వచ్చి చెప్పాడు. రెండు మాటలూ ఒకే గొంతుతో అన్నాడు, ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా కాదు. ముసలాయన నా వైపు తిరిగాడు. మనుషులు లేచి నడిస్తే పనిలో ఉండు, లేవకపోతే నేనేమీ చెయ్యలేను అన్నాడు. వెళుతూ పచ్చికలో ఉన్నవన్నీ తవ్వించమన్నాడు. ఫారానికి వచ్చిన రోజే అవి తవ్వుతూ మామను అడిగాను, ఉంగరం ఎందుకు నల్లబడలేదని.

"ఎవలు జెప్పిండ్రు ఉంగురం సంగతి?"

"మా అవ్వ."

"మీ అవ్వ ఎన్నడన్న తెల్వని జాగల తెంపిందా?"

లేదు. అవ్వ మా చేను గట్టు మీది ఒక్క పుట్ట దగ్గరే కోసేది. ఆమె తల్లి కూడా అక్కడే కోసేదట.

"మీ అవ్వకు పుట్ట తెల్సు. గందుకే ఎవలు సావలేదు. ఉంగురం ఊకెనే ఉడికింది" అన్నాడు.

ఫారానికి తిరిగి వచ్చిన మర్నాడు పప్పు వండాను. ఒట్టి టమాట పప్పు. పళ్లాలు పెట్టుకుని అందరూ కూర్చున్నారు, గంటె దగ్గరికి ఎవరూ చెయ్యి చాపలేదు. "రేపటి సంది నేన్ వండుకుంట" అన్నాడు గంగాధర్. ఇంకొకరు అవునన్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. వాళ్లది తప్పనలేను. నేనే అయినా అలాగే అనేవాణ్ణి.

మామ తన పళ్లెం కింద పెట్టాడు. "అల్లుడా, ఇండ్ల ఏమేమేసినవో చెప్పు. అందరికి ఇనవడాలె."

"పప్పు" అన్నాను.

"గట్లకాదు. పొయ్యి ముట్టిచ్చిన కాడికెల్లి చెప్పు."

చెప్పాను. కందిపప్పు నాలుగు గ్లాసులు. నీళ్లు. పసుపు. టమాటాలు పన్నెండు, మన చేనువే. పచ్చిమిర్చి, సంచిలో నిన్నటివి. చింతపండు ఇంత. ఉప్పు. పోపులో నూనె, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి. కరివేపాకు ఎండిపోయింది, అయినా వేశాను. బడిలో పలక పట్టుకుని నిలబడిన పిల్లవాడిలా చెప్పాను. "ఇంకేమన్న?" అన్నాడు మామ. "ఇంకేం లేదు" అన్నాను. "ఇంకేం లేదంట" అని అందరి వైపు తిరిగి చెప్పాడు. కాసేపటికి సాయిలు గంటె అందుకున్నాడు. అతని తర్వాత ఇంకొకరు. గంగాధర్ చివర్న వేసుకున్నాడు కానీ వేసుకున్నాడు. "ఉప్పు తక్వయింది, గది చెప్పలే నువ్వు" అన్నాడు. నా జన్మలో ఏ మెచ్చుకోలూ ఆ మాటంత తియ్యగా వినబడలేదు.

అప్పటి నుంచి పూట పూటకూ చెప్పడం మొదలైంది. మొదట్లో శిక్షలా ఉండేది. నెల తిరిగేసరికి ఎవరూ అడగకుండానే చెప్పేవాణ్ణి. రెండేళ్ల తర్వాత మామ ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోయాడు, నేను రియాద్ వచ్చాను. ఇప్పుడు మా మేడమ్ పిల్లలు కూర్చోగానే "అంకుల్, చెప్పండి" అంటారు. గిన్నెలు ముందు పెట్టి ఏది ఎందులో వేశానో చెబుతాను. పాలు నిన్నటివైతే నిన్నటివని చెబుతాను. దోస మొదటిది విరిగితే విరిగిందని చెబుతాను. మేడమ్ వచ్చిన చుట్టాలతో "మా వంటాయన సత్యహరిశ్చంద్రుడు" అని నవ్వుతుంది. కాదని ఆమెకు చెప్పాలని ఉంటుంది. ఆ దవాఖానా వరండాలో నోరు తెరిచేముందు నేను కూర్చున్న ఆ గంట నాకు తెలుసు. ఆ గంట నాలో ఎక్కడికీ పోలేదు. ప్రతి పూటా దాన్ని దాటుకుని మాట్లాడాలి.

మామకు పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. మాట సరిగ్గా రాదు. నెలకు రెండుసార్లు ఆయన కోడలు ఫోను చెవి దగ్గర పెడుతుంది. ఏం మాట్లాడాలో మొదట తోచేది కాదు. మందులు వేసుకుంటున్నావా అని ఎన్నిసార్లు అడుగుతాం? అందుకే ఆ రోజు ఏం వండానో చెబుతాను, పొయ్యి ముట్టించిన దగ్గర నుంచి. ఒక్కో దానికీ అవతల "ఊఁ" వినబడుతుంది. పోయిన వారం పులిహోర గురించి చెప్పాను. బియ్యం, పసుపు, చింతపండు, పల్లీలు, ఆవాలు. అంతా అయిపోయిందనుకున్నాను కానీ అవతల "ఊఁ" రాలేదు. ఆయన ఇంకా వింటున్నాడు.

"పల్లీలు జర మాడినయి మామా" అన్నాను.

"ఊఁ" అన్నాడు.